గోటితో పోవుదానికి గొడ్డలి

(ముదురు చీనీతోటలలోని పిలకలను గూర్చి యొక సభ్యుని యభిప్రాయము)



చీనీకాయ తెగి, లారీలు మండీలకు పోయిన వెనుక మన సంఘపు అరుగుమీద ఏటేట ఒకే మాట వినవచ్చుచుండును. "తోట ముదిరినది. చెట్టునిండ పిలకలే గాని కాయ లేదు. కొట్టివేసి మఱియొక పైరు పెట్టుదునా?" అని యొకరు అడుగుదురు. "కూలి యిచ్చి పిలకలన్నియు నఱికించితిని, ఆఱు నెలలలో అంతకు రెండింతలు లేచినవి" అని మఱియొకరు వాపోవుదురు. "చీనీచెట్టునకు కత్తి తగులరాదని మా పెద్దలు చెప్పిరి, కావున నేను ముట్టను" అని మూడవవారు నిశ్చింతగా నుందురు. ఈ మూడు మాటలలోను కొంత నిజమును కొంత పొరపాటును గలవు. ఆఱెకరముల తోటను పెంచుచు, అందు కొన్ని చెట్లను నా యవివేకముచేతనే పోగొట్టుకొనినవాడను గనుక, ఈ విషయమున నాకు తోచినదానిని సభ్యుల యెదుట నుంచుచున్నాను.

నా యభిప్రాయము క్లుప్తముగా నిది. పిలకలు లేచినవను కారణముచేత ముదురుతోటను కొట్టివేయుట తొందరపాటు. పిలకలన్నిటిని ఒకటిగా నెంచి ఒక్కసారిగా నఱికించుటయు తొందరపాటే. ఏ పిలక యెచ్చటనుండి పుట్టినదో చూచి, పోవలసినదానిని లేతదిగా నున్నపుడే చేతితో తీసివేయుట రైతునకు దాదాపు ఖర్చులేని పని. ఆ పని జరుగకపోవుటకు తెలియమి కొంత కారణము; మనము తోటపనికి కూలి యిచ్చు పద్ధతియు, తోటను గుత్తకిచ్చు పద్ధతియు అంతకంటె పెద్ద కారణములు. కావున సంఘము దీనిని పట్టించుకొనవలయునని నా వాదము.

ముందుగా చెట్టు కట్టుబడిని తెలిసికొందము. మనము చీనీ యనియు, కోస్తా, తెలంగాణ సోదరులు బత్తాయి యనియు పిలుచు ఈ సాత్‌గుడి చెట్టు చూపునకు ఒకటియే గాని నిజమునకు రెండు చెట్ల కలయిక. నేలలోని వేళ్ళును, మొదటి జానెడు కాండమును ఒక జాతివి. ఆ పైనున్న కొమ్మలు, ఆకులు, కాయలు మఱియొక జాతివి. నారుమడిలో రంగపూర్ నిమ్మనో, జంబేరి నిమ్మనో విత్తనముతో పెంచి, అది పెన్సిలు లావు కాగానే జానెడు ఎత్తున బెరడు చీల్చి, అందు సాత్‌గుడి కన్ను నొకదానిని పొదిగి కట్టుదురు. కన్ను అతుకుకొని చిగిర్చిన తరువాత పైనున్న నిమ్మకొమ్మను కోసివేయుదురు. వేళ్ళిచ్చు నిమ్మను వేరుమొక్క యనియు, రెండును కలిసిన చోటును అంటుకట్టు అనియు ఈ వ్యాసమున పిలిచెదను.

కొమ్మను కోసివేసిన మాత్రమున ఆ నిమ్మ చచ్చిపోలేదు. సాత్‌గుడి క్రింద నణగియున్నది. దాని బెరడులోపల నిద్రించు కన్నులు అనేకములు గలవు. అవకాశము దొరకినపుడు అది తన జాతి కొమ్మను పైకి పంపును. అది వేరుపిలక. అంటుకట్టునకు పైన, సాత్‌గుడి బోదెనుండియు పెద్దకొమ్మలనుండియు నిటారుగా కొరడావలె లేచునవి నీరుకొమ్మలు. మనము రెండింటిని పిలకలనియే పిలుచుచున్నాము. పేరు ఒకటియైనందున మందును ఒకటియే యని భ్రమపడుచున్నాము. నష్టము ఇక్కడనే మొదలగుచున్నది.

నా కథ చెప్పెదను. బోరుబావికి సమీపమున నున్న వరుసలో ఒక చెట్టు పదునాలుగవ యేట తూర్పువైపున కొమ్మలెండి బోసిపోయెను. మఱుసటి వానకాలమున ఆ వైపుననే మొదటినుండి యొక పిలక బయలుదేరి, చూచుచుండగనే నిలువెత్తు పెరిగి, రెండేండ్లలో ఆ ఖాళీని కప్పివేసెను. నేను మిక్కిలి సంతసించితిని. చెట్టు తన గాయమును తానే మాన్చుకొనుచున్నదని వచ్చినవారికెల్ల చూపితిని. దానికి ప్రత్యేకముగా ఎరువు కూడ వేయించితిని. నాలుగవ యేట అది విరగగాచెను. కాయలు చిన్నవై, కమలాలవలె నారింజరంగున, వదులైన తోలుతో నుండెను. మా యింటి పిల్లవాడు ఒకటి యొలిచి నోట వేసికొని, మొగము చిట్లించి ఉమిసివేసెను. అది రంగపూర్ నిమ్మ.

అప్పటికి ఆ పిలక తొడంత లావైనది. అసలు సాత్‌గుడి సగమునకు పైగా ఎండిపోయినది. గొడ్డలితో పిలకను కొట్టించితిని. ఆ పెద్దగాయమునుండి బంక యూఱి, రెండు సంవత్సరములలో చెట్టంతయు పోయినది. ఆ వరుసలోనే మఱి రెండు చెట్లు ఇదేరీతిగా పోయినవి. మొదటి మాసమున గోటితో గిల్లివేసినచో తీఱిపోవు పనికి నాలుగేండ్ల తరువాత గొడ్డలి పట్టితిని. పిలకతోబాటు చెట్టును పోయినది. పెద్దల సామెతలో ఎంత లెక్క యున్నదో అప్పుడు నాకు తెలిసెను.

వేరుపిలక యంత త్వరగా పెరుగుటకు కారణము గలదు. అది వేళ్ళకు మిక్కిలి దగ్గర నుండును. వేళ్ళనుండి నీరును లవణములును పైకి పోవు త్రోవలో మొదటి మడవ దానిదే. కాలువ తలను మడవ తెగినపుడు చివరి చేనికి నీరందనట్లే, సాత్‌గుడి కొమ్మలకు ఆహారము తగ్గును. నీటియెద్దడికి ఓర్చుకొను మొండితనమును చూచియే మనము రంగపూర్ నిమ్మ వేళ్ళను కోరితిమి. ఆ మొండితనమే యిప్పుడు మనకెదురు తిరుగును. కావున అంటుకట్టునకు క్రింద పుట్టినదాని యెడల దయ పనికిరాదు. అది ఎంత పచ్చగా నున్నను, చెట్టునకు ఎంత నిండుదనము తెచ్చినను, మన చెట్టు గాదు.

ఇక గుర్తుపట్టుట యెట్లు? ముళ్ళను మాత్రము చూచి నిర్ణయింపవలదు. ఏపుగా లేచిన సాత్‌గుడి నీరుకొమ్మకును పొడవైన ముళ్ళు రావచ్చును. ఆకును కోసి కాడను చూడుడు. సాత్‌గుడి ఆకుకాడకు ఇరుప్రక్కల సన్నని రెక్క యుండును. జంబేరి, రంగపూర్ నిమ్మల కాడకు ఆ రెక్క యుండియు లేనట్లుండును. ఆకును అరచేతిలో నలిపినచో నిమ్మవాసన వేఱుగా తెలియును. లేతచిగురును చూడుడు: సాత్‌గుడి చిగురు పచ్చగా నుండును, ఆ నిమ్మల చిగురునకును మొగ్గకును ఊదాచాయ యుండును. ఈ గుర్తులన్నిటికంటె నమ్మదగినది పుట్టిన చోటు. పిలకను పట్టుకొని క్రిందికి పోయి, మన్ను తీసి, అది బోదెకు తగిలిన తావును కన్నులార చూడవలయును. అంటుకట్టువద్ద బోదె లావులోగాని బెరడు తీరులోగాని తేడా కనబడును. అంటుకట్టు అసలే కనబడనిచో పాదులో మన్ను పెరిగి దానిని పూడ్చినదని యర్థము. మొదట సవరింపవలసిన తప్పు అదియే.

నిద్రించు కన్నులు ఏల మేల్కొనును? కొమ్మ మొనయందు పెరుగుదల రసమొకటి పుట్టి క్రిందికి దిగుచు, క్రిందికన్నులను అణచియుంచును. 1933వ సంవత్సరమున కెన్నెత్ థీమన్, ఫోకె స్కూగ్ అను శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగమూలమున చూపిరి. మొన చక్కెరను తనవైపు లాగికొనుటచేతను క్రిందికన్నులు పస్తుండునని 2014లో బఠానీ మొక్కలపై జరిగిన పరిశోధన తెలిపినది. రైతునకు కావలసిన సారాంశ మొకటే. మొన బాగున్నంతకాలము క్రిందికన్ను నిద్రించును. మొన ఎండినను, విఱిగినను, కాయబరువునకు కొమ్మ వ్రాలి అడ్డముగా పడినను, బెరడునకు గాయమైనను క్రిందికన్ను లేచును.

కావున ముదురుచెట్టున పిలకలు కుప్పగా లేచుట చెట్టు మనకు వ్రాసిన జాబువంటిది. చదువక చింపివేసినచో సంగతి మాఱదు. పై కొమ్మలు ఎండుచున్నవా? దుక్కిలో నాగలిగాని ట్రాక్టరు గొఱ్ఱుగాని బోదెను ఒరసి, వేళ్ళను కోసినదా? పాదులోని నీరు బోదెను తాకి నిలుచుచున్నదా? బోదె మొదట బంక యూఱుచున్నదా? బెరడు తొలుచు పురుగు కొమ్మ పంగలలో పొట్టును, జాలెను వదలినదా? నిరుడు నఱికినపుడు మోళ్ళు మిగిలినవా? ఈ ఆఱు ప్రశ్నలకు జవాబు దొరకిన తరువాతనే కత్తి చేతబట్టవలయును. నీరు తగులకుండ బోదెచుట్టు చిన్న మన్నుకట్ట వేసి, దాని వెలుపల పాదు చేయుటయు, అంటుకట్టు నేలకు పైన గాలి తగులునట్లుంచుటయు, బోదె దగ్గర దున్నకుండుటయు పిలకలను తగ్గించు పనులే. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యను సామెత యిచ్చటను చెల్లును.

తీయవలసిన విధము చెప్పెదను. వేరుపిలక జానెడు లోపున నున్నపుడు దానిని మొదటంట పట్టుకొని ప్రక్కకు వంచి క్రిందికి లాగినచో మడమతో సహా ఊడివచ్చును. మడమలోనే మఱుసటి పిలకల కన్నులుండును గనుక, ఇట్లు లాగిన పిలక తిరిగి లేచుట తక్కువ. కత్తితో పైపైన కోసినచో మోడు నిలిచి, దాని మొదట నున్న కన్నులన్నియు ఒక్కసారి లేచును. ఒకటిని నఱికించి నాలుగింటిని తెచ్చుకొనితినని వాపోవు సభ్యుల సంగతి యిదియే. పిలక ముదిరి లాగుటకు రానిచో, మన్ను తీసి అది పుట్టిన తావువఱకు పోయి, వాడియైన కత్తెరతోగాని చేరంపముతోగాని బోదెకు సమముగా కోయవలయును. మోడు మిగులరాదు, బోదె బెరడును లోతుగా చెక్కనురాదు. గొడ్డలి యీ పనికి తగదు. అది కోయదు, చీల్చును. చీలిన బెరడులోనికి తెగులు త్వరగా దిగును.

పెద్ద గాయమునకు బోర్డో ముద్ద పూయవలయును. 100 గ్రాముల మైలుతుత్తమును అరలీటరు నీటిలో కరగించి, 100 గ్రాముల మంచి సున్నమును మఱియొక అరలీటరు నీటిలో కలిపి వడగట్టి, రెండింటిని మూడవ పాత్రలో కలియబోయుచు త్రిప్పవలయును. కుండగాని ప్లాస్టికు తొట్టిగాని వాడవలయును; ఇనుప పాత్ర పనికిరాదు. కలిపిన దానిలో మెఱుగుపెట్టిన ఇనుపకత్తిని కొంతసేపు ముంచి చూచినపుడు ఎఱ్ఱని రాగిపూత పట్టినచో సున్నము చాలలేదని తెలిసికొని, మఱికొంత కలుపవలయును. ఏనాటికానాడు చేసికొనవలయును, నిలువయుంచినది గుణము చెడును. ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతపు ద్రాక్షరైతులు బాటసారులు పండ్లను దొంగిలింపకుండ తీగలపై చల్లిన నీలపు సున్నమునుండి యీ మందు బయలుపడినది. అట్లు చల్లిన తీగలకు బూజుతెగులు రాకుండుటను గమనించిన మిల్లార్డే పండితుడు 1885లో దానిని లోకమునకు ప్రకటించెను. మందు ఖరీదు స్వల్పము. కాచినది కోట్ల విలువగల తోటలను.

పనిముట్ల విషయమున మనము బొత్తిగా అజాగ్రత్తగా నున్నాము. చీనీజాతి చెట్లకు సోకు ఎక్సోకార్టిస్ అను వ్యాధి కత్తెర వెంట చెట్టునుండి చెట్టునకు నడచును. రంగపూర్ నిమ్మ వేళ్ళు గల చెట్లను అది పీడించును. వేరుమొక్క బెరడు పగిలి పొరలుగా లేచును, చెట్టు గిడసబాఱును. దానికి మందు లేదు. రాకుండ చూచుటయే దారి. ఇండ్లలో వాడు బ్లీచింగు ద్రావణమును ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్ళు కలిపి డబ్బాలో నుంచుకొని, చెట్టు మాఱినపుడెల్ల కత్తెరను అందు ముంచి తీయవలయును. నిప్పున కాచుటగాని సారాయితో తుడుచుటగాని ఈ వ్యాధికి నమ్మదగినది గాదు. సాయంకాలమున పనిముట్లను మంచినీట కడిగి నూనె రాయనిచో త్రుప్పు పట్టును.

మఱియొక హెచ్చరిక. కలుపుమందు చల్లినచో పిలక చచ్చునుగదా యని కొందరు ఆలోచించుచున్నారు. పిలక వేఱు మొక్క గాదు. చెట్టు శరీరములోని భాగమే. ఆకుద్వారా లోనికి దిగు గ్లైఫోసేటువంటి మందును పిలకపై చల్లినచో అది వేళ్ళకు దిగి చెట్టునే బాధింపవచ్చును. ఈ పొదుపు మనకు వలదు.

ఇక నీరుకొమ్మల సంగతి. ఇవి సాత్‌గుడివే గనుక వీనియెడల న్యాయము వేఱు. బోదె లోపలిభాగమున దట్టముగా లేచి వెలుతురును అడ్డగించునవియు, ఒకదానినొకటి ఒరయునవియు పోవలసినవే. అవి లేతవిగా నుండి పదేపదే చిగిర్చునపుడు ఆకుతొలుచు పురుగునకును, చిగుళ్ళపై చేరు సిల్లా పురుగునకును మేతయగును. ఐనను ముదురుచెట్టున ఎండిన కొమ్మ తీసివేయగా మిగిలిన ఖాళీని నింపుటకు దేవుడిచ్చిన కొమ్మ నీరుకొమ్మయే. ఖాళీవైపున వెలుపలికి వంగి పెరుగు దానిని ఒకటి రెండింటిని ఏర్పఱచుకొని, తక్కినవానిని లేతలోనే గిల్లివేసి, ఉంచినదాని మొనను రెండు మూడడుగుల పొడవున త్రుంచవలయును. మొన పోయిన కొమ్మ ప్రక్కరెమ్మలు వేసి, నిటారు పెరుగుదల తగ్గి, కాలక్రమమున కాపునకు వచ్చును. నీరుకొమ్మలన్నిటిని ఒక్కనాడే ఊడబెఱికించినచో, రాయలసీమ చైత్రవైశాఖముల యెండ నేరుగా బోదెపై పడి బెరడు కమలి పగులును. నీడ పోయిన బోదెకు సున్నపుపూత వేయుట మఱువరాదు.

చీనీచెట్టునకు కత్తి తగులరాదను పెద్దలమాటను నేను త్రోసిపుచ్చను. ఈ చెట్టు ఆకురాల్చునది గాదు. తన ఆహారపు నిలువలో మంచిభాగమును ఆకులలోను రెమ్మలలోను దాచుకొనును. ఎక్కువ కోసినచో గాదెను కాల్చినట్లగును. ఆ యేటి కాపు తగ్గును. వేళ్ళబలము మిగిలి, మఱిన్ని పిలకలు లేచును. పెద్దలు ఈ ఫలితమును చూచియే ఆ మాట చెప్పియుందురు. కాని వారు చెప్పినది పచ్చని కొమ్మను గూర్చి. ఎండుకొమ్మను, వేరుపిలకను ఉంచుమని కాదు. ఆకుబలగములో నాలుగవవంతునకు మించి ఒకేయేట తీయకుండుటయు, మిగిలినదానిని మఱుసటియేటికి నిలుపుటయు, గట్టిగా కోసిన యేట నత్రజని ఎరువును తగ్గించుటయు ఆ పెద్దలమాటకు మనము చూపవలసిన మర్యాద.

కాలము విషయమై: ఎండుకొమ్మలను, ముదిరిన పిలకలను కాయ తెగిన తరువాత, పూత రాకమునుపు, తడిలేని దినములలో తీయవలయును. లేతపిలకలకు ముహూర్తము లేదు. వానలు పడిన ప్రతి మాసమున ఒకసారి పాదు చూచినచో చాలును.

కొట్టివేయవలసిన చెట్టు లేదని నేను చెప్పను. బంకతెగులు బోదెచుట్టు సగమునకు మించి క్రమ్మినచో, అంటుకట్టు క్రుళ్ళినచో, నిమ్మయే చెట్టులో అధికభాగమైనచో, దానిని మోడుతోసహా పెల్లగించుటయే మేలు. మోడు నుంచినచో ఏడాది తిరుగకముందే అక్కడ పుల్లనిమ్మ తోపు లేచును. బంకతెగులుచే చచ్చిన చెట్టు గుంతలో వెంటనే క్రొత్తమొక్క నాటరాదు. ఆ తెగులు మన్నులో నిలిచియుండును. వేళ్ళు ఆరోగ్యముగా నుండి పైచెట్టు మాత్రము గాలికో, ప్రమాదముచేతనో విఱిగిపోయినచో, అప్పుడు మాత్రము వేరుపిలకను ఒకదానిని ఉంచి, మంచిచెట్టు కన్నును దానిపై పొదిగి, చెట్టును మరల నిలువబెట్టవచ్చును. శత్రువు మిత్రుడగు సందర్భము ఇదియొక్కటియే. ఈ రీతిగా చెట్టుచెట్టును చూచి లెక్కవేసినచో, కొట్టివేయదలచిన తోటలో నిజముగా పోవలసిన చెట్లు మనమనుకొనినదానికంటె తక్కువగా తేలును. క్రొత్తమొక్క నాటి కాపునకు తెచ్చుటకు పట్టు సంవత్సరముల పెట్టుబడిని, పిల్లల చదువులకును పెండ్లిండ్లకును ఆ సంవత్సరములలో కలుగు కటకటను తలచినవారెవ్వరును తొందరపడి గొడ్డలి యెత్తరు.

ఇప్పుడు సంఘము మాటకు వచ్చుచున్నాను. మనలో తఱచుగా పిలకలకోతను చెట్టునకింతయని గుత్తకిచ్చుచున్నాము. చెట్టునకింత కూలియైనచో పనివానికి లాభము త్వరలోనున్నది. మన్ను తీసి పుట్టినచోటు చూచుటకు వానికి తీఱికలేదు. పైపైన నఱికి మఱియొక చెట్టునకు పోవును. తప్పు వానిది గాదు. మన బేరమే వానికి ఆ పని నేర్పినది. ఈ పనికి దినకూలియే తగును.

రెండవది తోటగుత్త. పూతమీదనో పిందెమీదనో తోటను ఒక్కయేటికి కొనిన వర్తకుడు కాయను చూచునుగాని చెట్టును చూడడు. ఒక్కయేటి కౌలుదారుడును అంతియే. నాలుగేండ్లకు బయలుపడు నష్టమును ఒక్కయేటి హక్కుగలవాడు ఏల మోయవలయును? కావున వేరుపిలకల తీతను కౌలుపత్రములో వ్రాసికొని, దాని కూలిని భూస్వామియే భరించునట్లు ఏర్పాటు చేసికొనుట ఇద్దరికిని న్యాయము.

మూడవది నాకు ముఖ్యమైనది. పాదులలో కలుపుతీయు ఆడకూలీలు బోదెకు జానెడు దూరమున వంగి కూర్చుండి పనిచేయుదురు. పిలక వ్రేలెడు పొడవున నున్నపుడు దానిని మొదట చూచునది వారే. మనము గట్టుమీద నిలిచి చూచునప్పటికి అది మోకాలెత్తు పెరిగియుండును. ఐనను వారికి కలుపును గూర్చి తప్ప పిలకను గూర్చి మనమెన్నడును చెప్పలేదు. అంటుకట్టును చూపి, "అమ్మా, దీనికి క్రింద లేచినదెల్ల కలుపే; పైన లేచినదానిని మాత్రము ముట్టవద్దు" అని ఒక్కపూట నేర్పి, ఆ పనికి కూలిలో కొంత చేర్చి యిచ్చినచో, తోటలోని వేరుపిలకల పని వారి చేతి గోళ్ళతోనే తీఱిపోవును. నా తోటలో నేను నష్టపడిన తరువాత మొదలిడిన పద్ధతి యిది. అటుపిమ్మట వేరుపిలకకై నేను గొడ్డలిని బయటకు తీయలేదు.

1904లో సహకారచట్టము పుట్టినపుడు సంఘములు అప్పులిచ్చుటకే యేర్పడినవి. 1912 చట్టముతో క్రయవిక్రయాది యితర కార్యములకును దారి తెఱువబడినది. అప్పును, ఎరువును పంచుకొనినట్లే నేర్పును సైతము పంచుకొనవచ్చును. మన సంఘము రెండు మంచి చేరంపములను, నాలుగు కత్తెరలను, మైలుతుత్తమును కొని యుంచి, ఇద్దరు పనివారికి శిక్షణ యిప్పించి, దినకూలిపై సభ్యుల తోటలకు వంతులవారీగా పంపవలయునని నా సూచన. వారు చూచిన ప్రతి చెట్టును పుస్తకములో నెక్కించి, నిమ్మ లేచిన చెట్టునకు సున్నపుబొట్టు పెట్టవలయును. క్రొత్తమొక్కలు కొనునపుడు సభ్యులందరి తరఫున సంఘమే కొనుచు, అంటుకట్టు జానెడునకు తక్కువ యెత్తున నున్న మొక్కను త్రిప్పిపంపవలయును. ఒక్క రైతు అడిగినచో వినని నారుమడివారు వందమంది రైతులు అడిగినచో విందురు.

వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా పాలకవర్గమును కోరుచున్నాను. అంతవఱకు ప్రతి సభ్యుడును రేపు తన తోటకు పోయినపుడు ఒక్క ముదురుచెట్టు మొదట కూర్చుండి, మన్ను తీసి, అంటుకట్టు ఎక్కడనున్నదో వెదకి చూడవలయునని ప్రార్థన. కనబడినచో సంతోషము. కనబడనిచో పని అక్కడనే మొదలు పెట్టుడు.

ఇట్లు,
ఒక తోటరైతు, సంఘ సభ్యుడు